అట్లకాడ అరువివ్వబడదు

మగవాళ్ళకి వంటింటి దారి తెలీదని మనం దెప్పుతూంటాం గానీ, అది ఉత్తమాట. ఇంట్లో ఏదైనా మరమ్మతు మొదలవనివ్వండి, తిన్నగా అక్కడికే వస్తారు. హోల్డరు స్క్రూ తీయడానికి కూరగాయల చాకు, సైకిలు టైరు ఊడదియ్యడానికి గరిటె కాడ, మేకు కొట్టడానికి పచ్చడిబండ. మా అట్లకాడకి ఒక మూల వంగి ఉంటుంది. అట్టు తిరగేసినప్పుడల్లా అట్టుకో చిల్లు. రంగు డబ్బా మూత తెరిచిన గుర్తు అది.

మనం కొబ్బరి చెంచాతో కోరుతామా? కవ్వం చెయ్యాల్సిన పని పప్పుగుత్తికి చెబుతామా? ఏ పనికి ఏది అన్నది మన చేతులకే తెలుసు. అయినా, "ఆడవాళ్ళకి పనిముట్ల సంగతేం తెలుస్తుందిలే" అన్న మాట పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను.

ఈమధ్య మా వరండాలోకి ఒక రంపం వచ్చింది. పెట్రోలు పోసి తాడు లాగితే గుర్రుమంటూ చెట్లు కోసే చైన్‌సా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, భీమిలి వైపు ఉన్న మా మామగారి జీడిమామిడి తోట నేలమట్టమైంది. పడిన చెట్లు తీయడానికి గొడ్డళ్ళు చాలక అప్పుడు కొన్నారు. ఆ తర్వాత తోట చూసే అతను దాంతో చుట్టుపక్కల ఊళ్ళలో కొమ్మలు కొట్టి నాలుగు డబ్బులు చేసుకుంటూండేవాడు. మొన్న ఎవరో అరువడిగి పట్టుకెళ్ళి, నూనె కలపకుండా ఉత్త పెట్రోలు పోసి నడిపేశారట. ఈ ఇంజనుకి నూనె వేరే ఉండదు, పెట్రోల్లో కలిపిందే దిక్కు. అది లేకపోయేసరికి పిస్టను వేడెక్కి సిలిండరుకి పట్టేసింది. చల్లారాక కదిలింది గానీ, ఒళ్ళంతా గీతలు పడి బలం పోయింది. యాభై దాటినవాడు, భుజం నొప్పితోనే మళ్ళీ గొడ్డలి పట్టాడు.

"ఆదివారం మనమే విప్పేద్దాం" అన్నారు మా వారు. అంటూనే వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఈసారి ఆయనకి అడ్డం నిలబడింది నేను కాదు, మా అమ్మాయి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతోంది.

"ఆ స్క్రూ తల చూడు నాన్నా. ఆరు కోణాల చుక్కలా ఉంది. దానికి టీ-27 అని వేరే బిట్టు ఉంటుంది. అదీ పొడుగు కాడది కావాలి, స్క్రూలు లోతుగా ఉన్నాయి."

"స్క్రూ స్క్రూయేనే! ఏదో ఒకటి పట్టించి తిప్పితే రాదూ?"

"వస్తుంది. తల ఒక్కటీ వస్తుంది."

ఇద్దరూ ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళారు. అడిగినది అమ్మాయి, కొట్టాయన జవాబు చెప్పింది మాత్రం వాళ్ళ నాన్నకిట. ఇది నాకేం వింత అనిపించలేదు. మీకూ అనిపించదు.

అసలు గండం క్లచ్ దగ్గర వచ్చింది. దాన్ని తిప్పబోతే లోపలి ఇరుసు కూడా కలిసి తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆపి పట్టాలి. మా వారు రెండోవైపు ఫ్లైవీలు రెక్కల మధ్య స్క్రూడ్రైవరు గుచ్చబోయారు. ఇంజనుకి గాలి విసిరే పల్చటి రెక్కలవి. ఒకటి విరిగినా చక్రం తూకం తప్పుతుంది. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని, "అమ్మా, నైలాను తాడుందా?" అంది. బట్టలారేసే కొత్త తాడు రెండు మూరలు కోసి ఇచ్చాను. స్పార్కు ప్లగ్గు తీసి, పిస్టను పైకి వస్తూ పొగపోయే కన్నాన్ని మూసేదాకా జరిపి, అప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి తాడు కుక్కింది, కొస మాత్రం బయట ఉంచి. పిస్టనుకి ఇక దారి లేదు. తాడు మెత్తన కనుక గీతా పడదు. నూలుతాడైతే పోగులు లోపల ఉండిపోతాయట.

మా వారు చొక్కా చేతులు మడిచి ఎడమకి తిప్పబోయారు. "ఆగు నాన్నా, దీనివి ఎదురు మరలు. కుడికి తిప్పితే వదులవుతుంది." క్లచ్ మీద బాణం గుర్తు కూడా ఉంది. కుడికి తిప్పగానే కిర్రుమని వదిలింది. కోప్పడాలో మురిసిపోవాలో తేలక ఆయన టీ అడిగారు.

సిలిండరు గోడకి పిస్టను తాలూకు అల్యూమినియం కరిగి అంటుకుపోయింది. దాన్ని వదిలించడానికి మా అత్తయ్య బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా పెరట్లోకి వెళ్ళింది. చేతులకి తొడుగులు, కళ్ళకి జోడు, పుల్లకి చుట్టిన చిటికెడు దూది. లోపలి గట్టి పూతని యాసిడ్ ఏమీ చెయ్యదు గానీ, పూతలేని అంచుల్ని తినేస్తుందిట. అందుకని పొగకన్నం అంచులకి తగలకుండా, ముగ్గు వేస్తున్నట్టు అద్దింది పిల్ల. కొత్త పిస్టను పిన్నుకి రెండు కొసలా సన్నటి తీగ క్లిప్పులుంటాయి. అవి పెట్టేటప్పుడు జారితే ఇంజను కడుపులో పడతాయని కింద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ నా పాత జాకెట్టు. దానికి నాకేం అభ్యంతరం లేదు.

ఇంత పట్టింపూ ఉన్న పిల్ల, కాయిలుకీ ఫ్లైవీలుకీ మధ్య ఎడం చూడాల్సొచ్చేసరికి వాళ్ళ నాన్న విజిటింగ్ కార్డు దూర్చి బిగించేసింది. "దీనికి ఇది చాలు. ఆ మందమే కావాలి" అంది. "ఇన్నాళ్ళకి నా కార్డు ఒక పనికొచ్చింది" అన్నారాయన.

"ఓ రంపానికి ఇంత రభసేమిటే?" అంది అత్తయ్య.

"ఇది మిక్సీ కాదు మామ్మా. రంపం కొస పైభాగం దుంగకి తగిలిందంటే మొత్తం ఎగిరి మొహం మీదికి వస్తుంది. చేతి ముందున్న ఈ పలక ముందుకి పడి గొలుసుని టక్కున ఆపాలి. ఇది పట్టకపోతే మనిషి దక్కడు."

మెట్టు మీద కూచున్న తోట అతను మెల్లిగా అన్నాడు: "అడ్డొస్తంది, పీకీసేద్దారని అనుకున్నానమ్మా."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అమ్మాయి బిగించిందల్లా మళ్ళీ విప్పి, ఆ బ్రేకు పట్టీ చూసి, తుడిచి, మళ్ళీ బిగించింది. దానికింకో గంట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆరోసారి తాడు లాగాక రంపం అందుకుంది. గొలుసు తిరుగుతూండగా పలక ముందుకి తోస్తే ఠక్కున ఆగింది. మూడుసార్లు ఆపి చూపించింది. నాలుగోసారి అతని చేతే ఆపించింది.

ఇక నూనె లెక్క. సీసా మీద రాసిన ప్రకారం లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్లు. "చారెడు పోస్తే చాలదా?" అన్నాడతను. దగ్గుమందు సీసా మూత ఒకటి తెచ్చి, పది దగ్గర ఉన్న గీత చూపించి, లీటరుకి ఇలా రెండుసార్లు అని చెప్పాను. తువ్వాలు చెంగున ముడేసుకున్నాడు. అది తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పాను.