‘ఏమీ వద్దు’ అన్న తరువాత

కలకత్తాలో రాజకీయం తల్లి పేరెత్తకుండా నడవదు. 1905లో అవనీంద్రనాథ్ ఠాగూర్ భరతమాత చిత్రాన్ని గీసింది ఇక్కడే. 2011లో 34 ఏళ్ళ వామపక్ష పాలనను ముగించిన నినాదం ‘మా, మాటీ, మానుష్’. ఇక ఎన్నికల వేళ కెమెరాల ఎదుట తల్లికి పాదాభివందనం చేసే నాయకుల సంగతి చెప్పనక్కరలేదు. ఆ తల్లులను ఎవరూ ఏమీ అడగరు.

అడిగినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. ఏ నగలు చేయించమంటావని అడిగితే, ఊరికి బడి, ఉచిత వైద్యశాల, అన్నసత్రం కావాలని భగవతీదేవి కోరిందని వంగదేశంలో చెప్పుకుంటారు. కథలో కల్పన ఎంతో గానీ, స్వగ్రామమైన బీర్‌సింగాలో 1853లో ఆయన బడి పెట్టినదీ, 1866 కరవులో అన్నసత్రం నడిపినదీ చరిత్రే.

నలభై దాటిన మనమూ అడుగుతాం. ‘నాకేం కావాలిరా, మీరు బాగుంటే చాలు’ అంటుంది అమ్మ. ఆ జవాబు మనకెంత అనుకూలమో! ఒక చీర కొని ఊరుకుంటాం. మొన్న ఫోనులో మా అమ్మను అక్కడితో వదలక మళ్ళీ అడిగాను. కాసేపు మౌనం. తరువాత, ‘శరత్ బాబు ఇల్లు చూడాలనుందిరా’ అంది. చక్రపాణి అనువాదాలన్నీ పెళ్ళికి ముందే చదివిందట. నేనీ నగరానికి వచ్చి పన్నెండేళ్ళు. ఈ మాట ఒక్కనాడూ అనలేదు.

రూప్‌నారాయణ్ నది దాపున, సామ్తాబేడ్‌లో ఉంది ఆ ఇల్లు. దేవుల్టి స్టేషన్‌లో దిగాలి. డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళకు లోకల్ రైలు మెట్లు ఎత్తు. కారు మాట్లాడాను. పాత పుస్తకాలు కూడా వెంట తెస్తానంటోంది.