కంటికి కనబడని వేళ్లు



కాఫీ ఎక్కడ పండుతుందని అడిగితే మనలో చాలామంది కర్ణాటక పేరే చెబుతారు. కాని మన అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండలలో వేలాది గిరిజన కుటుంబాలు కాఫీ తోటలను నమ్ముకొని జీవిస్తున్నాయి. విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవుకు చేర్చుటకు 1960వ దశకంలో వేసిన రైలు మార్గము, ఎన్నో సొరంగాలు దాటి ఆ కొండలెక్కుతుంది. అరకు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఈ ప్రాంతమంతా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అక్కడి ఒక చిన్న సంఘములో మూడు రోజుల కూటములకు వెళ్లినప్పుడు, పగటి వేళ విశ్వాసులు నాకు తమ తోటలు చూపించారు. అది జూన్ నెల. తొలి వానలు పడి, మొక్కలు నాటే సమయము. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకొన్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. అరబికా కాఫీ పుట్టిల్లు ఇతియోపియా కొండల్లోని అడవులు. పెద్ద చెట్ల నీడలో పెరిగిన జాతి గనుక ఇక్కడ కూడా దానికి నీడ కావాలి.

కాఫీ గింజ మొలకెత్తడానికి నెల పదిహేను రోజులు పడుతుంది. మొలక లేచాక దానిని నారుమడి నుండి తీసి మట్టి నింపిన పాలిథిన్ సంచిలో పెడతారు. నాటే రోజున ఒక సహోదరి సంచి చింపి మొక్కను తీస్తూ మొదట చూసింది ఆకులను కాదు, అడుగున ఉన్న వేరును. కొన్ని మొక్కలకు తల్లివేరు సంచి అడుగున తగిలి చుట్ట చుట్టుకొని ఉన్నది. ఆమె పదునైన కత్తితో ఆ చుట్టను కోసివేసింది.

"ఇలాగే పాతేస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాను.

"రెండేళ్లు బాగానే ఉంటాదండీ అయ్యగారూ. కాపు మొదలయ్యాక తెలుస్తాది. ఎండాకాలం వచ్చేసరికి వాలిపోద్ది" అన్నది.

ఆ మాట నాకు మనస్సులో నాటుకున్నది. వంకర వేరు మొదట ఎవరికీ కనబడదు. ఆకులు పచ్చగానే ఉంటాయి. మూడు నాలుగేళ్లకు పండ్ల భారము మీద పడినప్పుడు, నేల ఎండినప్పుడు, వేరు సంగతి బయటపడుతుంది.

మొక్కను ఒకటిన్నర అడుగుల గుంటలో నాటుతారు. తల్లివేరు లావుగా ఉన్నా ఎంతో లోతుకు పోదు. సాధారణంగా ఒకటిన్నర అడుగుల దగ్గరే సన్నబడిపోతుంది. దాని మొదటి నుండి పుట్టిన కొన్ని వేళ్లు నిలువుగా దిగి, మంచి లోతైన నేలలో ఆరు నుండి పది అడుగుల వరకు పోతాయి. వేసవిలో నీరు వెదకి తెచ్చేవి అవే. మరికొన్ని వేళ్లు నేలకు సమాంతరంగా నాలుగైదు అడుగులు పరచుకొంటాయి. వాటికి వెంట్రుకల వంటి పీచువేళ్లు ఉంటాయి. మొక్కకు ఆహారము అందించే ఈ పీచువేళ్లలో ఎక్కువ భాగము పై అడుగు మట్టిలోనే ఉంటుంది. అందుకే తోట తెలిసినవారు మొక్క మొదట్లో పారతో లోతుగా తవ్వరు. రాలిన ఆకులను ఊడ్చివేయరు. ఆ ఆకుల దుప్పటి క్రింద నేల చల్లగా, మెత్తగా ఉంటుంది. నీరు నిలిచే చోట కాఫీ వేయరు. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. నీరు నిలిచి గాలి ఆడకపోతే వేళ్లు కుళ్లిపోతాయి.

మరొక తోటలో వేరొక సంగతి చూశాను. వాన పడి నేలంతా తడిగా ఉన్నా, గట్టు దగ్గర ఏడెనిమిది మొక్కలు పసుపుపచ్చగా మారి ఆకులు రాల్చుకొంటున్నాయి. ఆ గట్టు ఇద్దరు అన్నదమ్ముల తోటలకు సరిహద్దు. ఆ గట్టు మీది చెట్టు ఎవరిదనే తగవు వచ్చి, చివరకు దానిని నరికి కలప పంచుకొన్నారట. మోడు మాత్రము నేలలోనే ఉండిపోయింది. అప్పటినుండి ఆ రెండు ఇండ్ల మధ్య మాటలు లేవు. ఆదివారము ఆరాధనకు వస్తారు, చెరొక వైపు కూర్చుంటారు.

కాఫీ సాగు తెలిసిన ఒక ఉద్యోగి వచ్చి చూసి, ఇది వేరు తెగులు అని చెప్పాడు. నరికిన చెట్టు మోడులో బూజు జాతి తెగులు చేరి, చచ్చిన వేళ్లలో పెరుగుతుంది. దానికి కాఫీ వేరు తగిలితే ఈ మొక్కకు, దీని వేరు తగిలితే పక్క మొక్కకు పాకుతుంది. మోడును, చచ్చిన మొక్కలను వేళ్లతో సహా పెకలించి కాల్చాలి. చుట్టూ అడుగు వెడల్పున, రెండు మూడు అడుగుల లోతున కందకము తవ్వాలి. గట్టుకు ఒక వైపున మాత్రమే తవ్వితే ప్రయోజనము లేదు. తెగులుకు సరిహద్దు తెలియదు.

మరునాడు అన్నదమ్ములిద్దరూ పలుగులు పట్టుకొని వచ్చారు. నేనక్కడే ఉన్నాను. మొదటి గంట ఒకరి ముఖము ఒకరు చూడలేదు. మోడు కదలనప్పుడు తమ్ముడు, "అన్నా, ఇటు పట్టు" అన్నాడు. అంతే. వారి మధ్య సమస్తమూ చక్కబడిందని నేను వ్రాయలేను. కాని మోడు బయటికి వచ్చింది.

ప్రియులారా, హెబ్రీ పత్రిక 12వ అధ్యాయము 15వ వచనము చేదైన వేరు గూర్చి హెచ్చరిస్తుంది. అది మొలిస్తే ఒక్కరితో ఆగక అనేకులకు చేటు చేస్తుందని అపొస్తలిక బోధ. మనము తగవు తీరిందనుకొని చెట్టు నరికి, మోడును నేలలో వదలివేస్తాము. మన పిల్లల లేత వేళ్లు ఆ మోడునే తాకుతాయి. పెద్దనాన్న ఇంటికి ఎందుకు పోకూడదో తెలియకుండానే వారు ద్వేషము నేర్చుకొంటారు.

అలాగే మన పిల్లలు పట్టణములకు చదువులకు పోకముందు వారి పచ్చదనము చూసి మురిసిపోక, వేరు ఎటు పోతున్నదో చూద్దాము. వంకర ఉంటే లేతప్పుడే సరిచేయుట ప్రేమ. రాతినేలను పడిన విత్తనము త్వరగానే మొలిచినా, వేరు లేనందున ఎండకు నిలువలేదని ప్రభువు మత్తయి 13వ అధ్యాయములో చెప్పెను. కుటుంబ ప్రార్థన, వాక్య ధ్యానము, క్షమాపణ ఎవరికీ కనబడని పనులు. అయినను శ్రమల వేసవిలో మన ఇంటిని పచ్చగా నిలిపేవి అవే.

ఈ రాత్రి దీపము ఆర్పకముందు, మన గట్టు మీద ఏ మోడు మిగిలియున్నదో పరీక్షించుకొందము. పలుగు పట్టుకొని మొదట బయలుదేరే కృప దేవుడు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.