బేరింగు వెనక బుడమేరు

ఆయిల్ సంప్ విప్పగానే మేస్త్రి నా వైపు కాదు, నాన్న వైపు చూశాడు. లోపల ఉన్నది ఆయిల్‌లా లేదు, పాలెక్కువైన టీలా ఉంది. బేరింగు షెల్స్ ఒక్కోటీ తీసి వేలిగోటితో గీకాడు. గోరు ఆగింది.

"నీళ్ళల్లో నానితే తుప్పు ఉంటదమ్మా. ఇయ్యి గీతలు," అన్నాడు. ఆ తర్వాత ఇంకేం అనలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా 1998 మోడల్ మారుతి 800 టాప్ దాకా మునిగింది. నీళ్ళు తీశాక, నేను హైదరాబాద్ నుంచి వచ్చేలోపే, నాన్న ప్లగ్గులు ఆరబెట్టి, కార్బురేటర్ కడిగి, పక్కింటివాళ్ళ బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశారు. ఆయిల్ మార్చలేదు. పది నిమిషాలు నడిచి, తర్వాత టకటకా కొట్టుకోవడం మొదలెట్టిందట. ఇది పక్కింటి ఆంటీ చెప్తే తెలిసింది నాకు. నాన్నని అడిగితే "నీళ్ళకి పోయిందమ్మా" అంటారు, అంతే.

బండికొచ్చే రేటు కంటే రిపేరు ఎక్కువ. తుక్కుకి ఇచ్చేద్దామని నేను, కుదరదని ఆయన. సంక్రాంతి ముందు తాడు కట్టి ఆటోనగర్‌కి లాక్కొచ్చాం. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్‌కి వెళ్ళి, పావు మిల్లీమీటరు సన్నబడి తిరిగొచ్చింది. దానికి తగ్గ అండర్‌సైజ్ షెల్స్ కొన్నాం. ఇక మిగిలింది క్లియరెన్స్. షాఫ్ట్‌కీ షెల్‌కీ మధ్య ఉండాల్సిన సందు. మా ఇంజనుకి అది మిల్లీమీటరులో వందోవంతులు రెండు నుంచి నాలుగు. ఇంచుమించు వెంట్రుక మందంలో సగం.

"అంత సందు ఎందుకు? బిగుతుగా ఉంటే మంచిదేగా, తిరిగీ తిరిగీ అదే సెట్ అవుద్ది," అన్నారు నాన్న.

సెట్ అవదు. తిరిగే షాఫ్ట్ ఆయిల్‌ని తన కిందకి తనే లాక్కుని దాని మీద తేలుతుంది. ఇనుము ఇనుముని తాకదు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల్ని పరీక్షిస్తూ, పైనున్న చిల్లుకి చెక్క బిరడా కొడితే లోపలి ఆయిల్ దాన్ని బయటికి తోసేసింది. అంత ఒత్తిడి పుడుతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. సందు తక్కువైతే ఆయిల్‌కి చోటుండదు, వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే ఆయిల్ పక్కలనుంచి కారిపోయి ప్రెషర్ పడిపోతుంది. నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన ఫ్యాన్ వైపు చూస్తూ విన్నారు.

మేస్త్రిది చేతి లెక్క. క్యాపులు బిగించి షాఫ్ట్‌ని తిప్పి చూస్తాడు. నేను ఆన్‌లైన్‌లో ప్లాస్టిగేజ్ తెప్పించాను. ఆకుపచ్చ మైనపు దారం లాంటిది. పొడి షాఫ్ట్ మీద ముక్క పెట్టి, క్యాప్‌ని టార్క్ రెంచ్‌తో బిగించి, షాఫ్ట్ కదపకుండా విప్పాలి. దారం ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. కవరు మీది గీతలతో పోల్చుకోవడమే. "టైలర్ టేపులాగుందే," అన్నాడు మేస్త్రి.

నాలుగు మెయిన్స్‌లో మూడు సరిగ్గా ఉన్నాయి. మూడోదాంట్లో దారం చపాతీలా పరుచుకుంది. గ్రైండింగ్ వాళ్ళ తప్పేనన్నాను. మేస్త్రి మైక్రోమీటర్ పెట్టాడు. షాఫ్ట్ సరిగ్గానే ఉంది. షెల్ ఊడబెరికి, దాని వీపు మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించాడు. ఆవగింజలో పదోవంతు లేని మట్టి రేణువు. బ్లాకుని డీజిల్‌తో రెండుసార్లు కడిగాం. అయినా ఏ ఆయిల్ దారిలోనో నాలుగు నెలలు దాక్కుని, ఇప్పుడు షెల్ వెనక చేరి దాన్ని పైకి నొక్కుతోంది.

మళ్ళీ అన్నీ విప్పి మొదట్నుంచీ కడగాలి. నాకు ఏడుపొచ్చింది. సెలవు ఇంకొక్క రోజే ఉంది.

నాన్న చొక్కా చేతులు మడుచుకుని స్టూలు లాక్కున్నారు. సన్న బ్రష్ తీసుకుని బ్లాకులోని చిల్లుల్లో ఒక్కోదాంట్లో దూర్చి తిప్పడం మొదలెట్టారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. రెండో టీ వచ్చింది.

"ఆ రోజు స్టార్ట్ చేసింది నేనే," అన్నారు, బ్రష్ మీంచి చూపు తిప్పకుండా.

"తెలుసు సార్," అన్నాడు మేస్త్రి. "ఆ గుడ్డ మురికైపోయింది, కొత్తది తీసుకోండి."