కాలువ గట్టున ఒక కెమెరా

రాయలసీమలో పడవ ప్రయాణం అంటే ఎవరైనా నవ్వుతారు. బోరింగు దగ్గర బిందెలు వరుసపెట్టే సీమలో పడవలెక్కడివి అంటారు. కాని సేద్యానికీ పడవలకూ కలిపి తవ్విన కాలువ ఒకటి కర్నూలు పై నుండి కడప దాకా మన పొలాల నడుమనే పారుతున్నది. మనం కె.సి. కెనాల్ అని పిలుచుకునేది దానినే. పొడవు సుమారు 190 మైళ్ళు, అంటే 305 కిలోమీటర్లు.

గత నవంబరులో మూడు దినములు ఆ కాలువ వెంట ప్రయాణం చేసే అవకాశం నాకు కలిగింది. తీసుకువెళ్ళినది మా సంఘ పెద్ద, రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, ఆయన భార్య. ఊళ్ళో అందరూ ఆయనను సారు అనే పిలుస్తారు గనుక నేనూ అలాగే వ్రాస్తాను.

కాలువ కథ కొంచెం చెప్పాలి. 1863లో తవ్వకం మొదలై 1870 నాటికి పూర్తయింది. తవ్వించినది సర్కారు కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లండు కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి 5 చొప్పున వడ్డీ హామీ మాత్రం సర్కారుది. రైలు కంటె నీటిదారి చౌక అని జీవితమంతా వాదించిన కాటన్ దొరగారి తలంపు దీని వెనుక ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆ దొరగారే. కాని గోదావరి డెల్టాలో కుదిరిన లెక్క ఇక్కడ కుదరలేదు. నల్లరేగడిలో వానకే జొన్న పండించుకునే రైతు నీటికి డబ్బు పెట్టడానికి ముందుకు రాలేదు. అంతలోనే మద్రాసు నుండి కడప, గుత్తి మీదుగా రాయచూరుకు రైలు పడింది. 1882లో సర్కారే కాలువను కొనుక్కున్నది. పడవలు కొంతకాలం తిరిగి ఆగిపోయాయి. నీళ్ళు మాత్రం ఈనాటికీ వస్తున్నాయి. నంద్యాల వైపు వరి తినే కుటుంబాలకు వాటి విలువ నేను చెప్పనక్కరలేదు.

ఇక సారు సంగతి. 2009 మే నెలలో, 58 ఏట రిటైరయ్యారు. అదే సంవత్సరం అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతపట్టణాన్ని ముంచినప్పుడు వారి ఇల్లు మునిగింది. బియ్యం, బట్టలు, బీరువా పోయినందుకు అమ్మగారు ఏడ్వలేదట. మూడవ దినమున బురద తీసిన తరువాత పెళ్ళి ఆల్బము దొరికింది. విప్పితే ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉన్నవి. తొందరపడి లాగితే ముఖాలు అట్టకు అంటుకొని ఊడివచ్చాయి. అప్పుడు ఏడ్చారట. ముప్పది సంవత్సరాల స్కూలు గ్రూపు ఫోటోలు కూడా అలాగే పోయినవి. వచ్చిన గ్రాట్యుటీలో కొంత ఇంటికి పెట్టి, మిగిలిన దానిలోనుండి సారు ఒక డిజిటల్ కెమెరా కొన్నారు. ఈ వయస్సులో ఇదేమి పిచ్చి అన్నవారు సంఘములోనే ఉన్నారు.

2022లో బెంగళూరులో ఉన్న కుమారుడు తల్లిదండ్రులను ముంబయి నుండి లక్షద్వీపాల వైపు వెళ్ళే పెద్ద ఓడ ఎక్కించాడు. ఊరంత ఓడ, లోపల లిఫ్టులు, హోటళ్ళు, ఈతకొలను. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో నేర్పించారట. అది మంచి పని, మన నదుల మీది పడవలవారు కూడా నేర్చుకోవలసినదే. సారు ఆ నాలుగు దినములలో ఆరు వందల ఫోటోలు తీశారు. ఇంటికి వచ్చి చూసుకుంటే సముద్రము, భోజనము, సముద్రము, సూర్యాస్తమయము. “అయ్యగారూ, ఒక్క మనిషి పేరూ నాకు తెలియదు. ఎవరికి పంపాలి ఈ ఫోటోలు?” అన్నారు. అమ్మగారికి మాత్రం ఓడ చాలా నచ్చింది. వంట చేయని నాలుగు దినములు పెళ్ళయిన తరువాత అవేనని చెప్పారు. ఆ మాట సారు రెండుసార్లు విన్నారు.

మేము బయలుదేరినది మా సంఘ యువకుని ఆటోలో. మొదట సుంకేసుల. తుంగభద్ర నుండి కాలువ తల పట్టేది అక్కడే. అక్కడినుండి కర్నూలు వచ్చే వరకు గట్టు మీది తుమ్మచెట్లు, కాలువలో గేదెలు, బట్టలుతికే స్త్రీలు. పట్టణములో కాలువ హంద్రీని దాటే చోటు ఎంతమంది చూశారో తెలియదు. ఏరు కింద పోతుంటే దాని పైన రాతి కట్టడము మీదుగా కాలువ పోతుంది. ప్రతిదినము దాని పక్కగానే బస్సులో వెళ్ళేవారు కూడా కిటికీలోనుండి తల త్రిప్పి చూడరు. సారు అక్కడ గంటన్నర నిలబడ్డారు. ఎండ ప్రక్కవాటుగా పడితే గాని రాళ్ళ గీతలు కనబడవట.

ఆ తరువాత మిట్టకందాల దగ్గర లోతుగా తవ్విన కోత. తుంగభద్ర నీళ్ళు అక్కడ గట్టు దాటి పెన్న వైపు లోయలోనికి దిగుతాయి. ఆ ప్రాంతములోనే లాకిన్సుల. ఆ పేరు వింటేనే చెవికి లాకు తగులుతుంది. లాకు అంటే పడవకు మెట్టు అనుకోండి. కాలువ పల్లానికి దిగే చోట రెండు తలుపుల మధ్య ఒక రాతి తొట్టి కడతారు. పడవ తొట్టిలోనికి రాగానే వెనుక తలుపు మూస్తారు. నీళ్ళు మెల్లగా వదలితే పడవ నీళ్ళతోపాటే దిగుతుంది. కింది మట్టానికి రాగానే ముందు తలుపు తెరుస్తారు. అటువంటి పాత రాతిగోడలు కాలువ వెంట అక్కడక్కడ ఇప్పటికీ కనబడతాయి. ఒక చోట దాని మీద మిరపకాయలు ఆరబోశారు.

నిజముగా మా ప్రయాణము ఆగినదంతా మనుష్యుల దగ్గర. సారు పద్ధతి ఇది. ఊరిలో చెట్టు క్రింద కూర్చున్న ముసలివారిని ముందు అమ్మగారు పలకరిస్తారు. అవ్వా, ఎంతమంది పిల్లలు, మోకాళ్ళ నొప్పులా, ఏ మందు రాస్తావు అని. పది నిమిషములకు అవ్వ కెమెరా సంగతే మరచిపోతుంది. అప్పుడు సారు ఆమెను వాకిట గడప దగ్గర, నీడలో, వెలుతురు ముఖము మీద పడేటట్టు కూర్చోబెడతారు. మిట్టమధ్యాహ్నము తీయరు. నడినెత్తి ఎండలో కళ్ళ కింద నల్లగా పడి మనిషి రోగివలె కనబడతాడని చెప్పారు. అమ్మగారు నోటుపుస్తకములో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు వ్రాసుకుంటారు. నెల తిరిగేలోగా కాగితము మీద వేయించిన ఫోటో ఆ అవ్వ చేతికే చేరుతుంది. మనుమని ఫోనుకు పంపితే చాలదా అని అడిగాను. “ఫోను మనుమనిది గదా అయ్యగారూ, అవ్వది కాదు,” అన్నారు సారు.

సంఘకాపరిగా ఈ మాట నేను చెప్పగలను. భూస్థాపన కూడికకు ముందురాత్రి ఇంటివారు ఫోటో కొరకు వెదకుతారు. ఎనభై ఏండ్లు బ్రతికిన తల్లికి ఇంటిలో ఒక్క ఫోటో ఉండదు. చివరకు ఆధార్ కార్డు తీసి, ఆ భయపడిన ముఖమునే పెద్దదిగా చేసి ఫ్లెక్సీ వేయిస్తారు. బిడ్డల బర్త్‌డేలకు వందల ఫోటోలు తీసే ఇండ్లలోనే ఈ సంగతి చూశాను. తల్లి ఆ ఫోటోలన్నిటిలోనూ వంటింటిలోనే ఉన్నది.

సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయులకు రిటైర్మెంటు ఉన్నది. ఏబదియేండ్లకు గుడారపు బరువుపని మానవలెను. అయినను సహోదరులతోకూడ ఉండి కాపలాపని చూచుకొనవచ్చును. మన రాష్ట్రములో సర్కారు ఉద్యోగుల వయస్సు 2014లో 60కి, 2022లో 62కి పెంచారు. అంతవరకు పని చేసి ఇంటికి వచ్చిన మగవారిని నేను విజిటింగుకు వెళ్ళినప్పుడు చూస్తుంటాను. ఉదయము పేపరు రెండుసార్లు, సాయంత్రము టీవీ, మధ్యలో కోడలి పనికి వంకలు. ఉన్న మాటే వ్రాశాను, కోపపడవద్దు.

కెమెరా లేనివారికి ఫోను చాలును. ఇంట్లో ఉన్న పాత ఫోటోల వెనుక పెన్సిలుతో పేరు, సంవత్సరము వ్రాయండి. పెన్ను సిరా ముందుకు ఊరుతుంది. ఫోటోలు నీళ్ళలో తడిసి అతుక్కుంటే ఆరనివ్వకండి, లాగకండి. శుభ్రమైన చల్లనీళ్ళలో నానబెట్టి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేటట్టు నీడలో పరచండి. వరద ముంచిన వారమంతా ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు.

రెండవ రాత్రి నంద్యాలలో హోలీ క్రాస్ కతీడ్రల్ దగ్గర ఆగాము. మూడవనాడు కుందూ మీది రాజోలి ఆనకట్ట, పెన్న మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట చూచుకొని చీకటి పడేవేళకు కడప చేరాము. సుంకేసులలో అంత వెడల్పుగా కనబడిన కాలువ కడప దగ్గర పిల్లలు దాటగలిగినంత చిన్నది. సారు దానిని ఫోటో తీయలేదు. బ్యాటరీ అయిపోయింది.

మొత్తము నలుబది ముగ్గురు అవ్వలు, తాతలు. క్రిస్మస్ ఆరాధనలు ముగిసిన తరువాత జనవరిలో ఫోటోలు ఇవ్వడానికి సారు, అమ్మగారు మరల అదే ఆటోలో వెళ్ళారు. నలుబది ఇచ్చి వచ్చారు. రెండు ఇండ్లకు తాళము వేసి ఉన్నది, కూలికి గుంటూరు వెళ్ళారట. మిట్టకందాల అవతలి పల్లెలో ఒక అవ్వ డిసెంబరులోనే ప్రభువునందు నిద్రించినది. ఆ ఫోటో ఆమె కుమారుడు తీసుకున్నాడు. ఇంకొకటి కావాలని అడిగాడు, చెల్లెలికి ఇవ్వడానికి.