పున్నమి పంక్తి

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. గ్రహణం రోజు మీ ఇంట్లో ఊరగాయ జాడీల మీద దర్భ వేస్తారా, లేదా? మా ఇంట్లో వేస్తారు. మా అత్తయ్య వేస్తారు. నేను తీసెయ్యను. ఈ సంగతి మా మానవవాద బృందంలో అందరికీ తెలుసు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మూడూళ్ళూ కలిపి పాతిక కుటుంబాలుంటాం. కట్నం లేని పెళ్ళిళ్ళకు పెద్దరికం, నేత్రదానం కాగితాలు నింపించడం, పేద పిల్లల ఫీజులు, ఇవీ మా పనులు. మొదట్లో మాత్రం నాకు ఆ మీటింగులంటే ఒళ్ళుమంట. మగవాళ్ళు హాల్లో కూర్చుని స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడేది, మేము వంటింట్లో వాళ్ళకు కాఫీలు కలిపేది! ఒకరోజు పుంగనూరావిడ ట్రే తెచ్చి వాళ్ళ మధ్య పెట్టి, "తాగి గ్లాసులు మీరే కడగండి. ఇప్పుడు మేం మాట్లాడతాం" అంది. అప్పుడు మొదలైనాయి పున్నమి భోజనాలు.

ఈ ఆలోచన మాది కాదు లెండి. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు కదా, ఆ గోరాగారు పున్నమి నాడు తలా ఒక అణా ఖర్చుతో అన్ని కులాల వాళ్ళనూ కలిపి భోజనాలు పెట్టించేవారు. మాకు అణాలు లేవు. ఎవరింట్లో వండింది వాళ్ళు తెస్తారు. రాగి సంగటి, ఊరుబిండి, టమోటా పచ్చడి, చిత్రాన్నం, ఏదైనా సరే. నియమం ఒక్కటే: ఏ గిన్నె ఎవరింటిదో అడక్కూడదు.

నేను తప్పకుండా వెళ్ళడం మొదలుపెట్టింది 2021 జనవరి తరవాత. మా మదనపల్లెలోనే, చదువు చెప్పే వృత్తిలో ఉన్న తల్లిదండ్రుల మీద, మళ్ళీ బతికొస్తారన్న నమ్మకంతో ఎదిగిన ఇద్దరు కూతుళ్ళనూ చంపారని కేసు నడిచింది, మీరూ చదివే ఉంటారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనసు చెదిరిన వేళ మా వీధిలో ఎన్ని తలుపులు తట్టగలనా అని లెక్కపెట్టుకున్నాను. నాలుగు. అంతే.

ఇక అసలు సంగతికొస్తాను. 2025 సెప్టెంబరు 7, ఆదివారం. పున్నమి, సంపూర్ణ చంద్రగ్రహణం. తిరుమలలో మధ్యాహ్నమే గుడి తలుపులు మూశారు. మా పంక్తి మాత్రం ఒకరి మిద్దె మీద రాత్రి పదింటికి. మా అమ్మాయికి ఆరో నెల. వస్తానని పట్టుబట్టి వచ్చింది. చంద్రుడి అంచు కొరికినట్టు అయ్యేసరికి, అది కత్తి తీసుకుని దోసకాయ తరుగుతోంది.

నవ్వకండి. గబుక్కున పోయి కత్తి లాక్కున్నాను. గ్రహణం మొర్రి భయం ఎక్కడో కడుపులో ఉంది.

కుప్పం నుంచి వచ్చిన డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "బిడ్డ పెదవి రెండో నెలలోనే అతుక్కుంటుంది, అంగిలి మూడో నెల నాటికి. అప్పుడు అతుక్కోకపోతేనే మొర్రి. వంశంలో ఉండొచ్చు, పొగాకు కావొచ్చు, కొన్ని మందులు కావొచ్చు, చాలాసార్లు కారణమే దొరకదు. ఆరో నెలలో కత్తి పడితే తెగేది వేలే" అంది.

తలూపాను గానీ కత్తి ఇవ్వలేదు. అప్పుడు పుంగనూరావిడ నా పక్కన కూర్చుంది. కాఫీ ట్రే పెట్టిన ఆవిడే.

"మా పెద్దోడు మొర్రితోనే పుట్టినాడు. నాలుగో నెలలో ఆపరేషన్ చేయించినాం, ఇప్పుడు మీసంలో కనిపించను కూడా కనిపించదు. కానీ అందరూ నన్నే అన్నారు. గ్రహణం పట్టినప్పుడు నేను పడుకుని ఉన్నానక్కా. అయినా నిద్రలో ఏదో కోసే ఉంటావన్నారు. ఇన్నేళ్ళయినా నాకే అనుమానం, కోసినానేమో అని."

ఎవరూ మాట్లాడలేదు. కత్తి మా అమ్మాయికి ఇచ్చేశాను. పదకొండు దాటాక మబ్బుల సందున చంద్రుడు ఇటుక రంగులో కనిపించాడు. విస్తళ్ళ ముందు కూర్చుని చూశాం.

పొద్దున అత్తయ్య జాడీల మీద దర్భ తీస్తున్నారు. "తిన్నారా?" అన్నారు. "తిన్నాం." "అదీ తిన్నదా?" "తిన్నది అత్తయ్యా. దోసకాయ కూడా తరిగింది." ఆమె చాలాసేపు మా అమ్మాయి చేతుల వంకే చూశారు. తరవాత ఒక జాడీ నా వైపు జరిపారు.

"వచ్చే పున్నమికి ఇది తీసుకుపో. ఎవరింటిదని మాత్రం చెప్పకు."