జాతర దరువుకు ప్రపంచం ఆడింది

రాజమండ్రి నుంచి వంతెన మీదుగా గోదావరి దాటితే పడమటి గట్టున కొవ్వూరు. 1961 జూలై 4న కోడూరి మరకతమణి కీరవాణి పుట్టిన ఊరది. ఊరు 2022లో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి మారింది. ఆ మరుసటి ఏడాదే ఆ ఊరి బిడ్డ చేతికి ఆస్కార్ వచ్చింది.

ఆ ఆస్కార్ తెచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా పాట ‘నాటు నాటు’ గురించి చెప్పేటప్పుడు అందరూ ముందు ఎత్తేది ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల కాళ్ల వేగమే. న్యాయమే గానీ, ఆ కాళ్లను కదిలించింది తాళం. పాశ్చాత్య పాప్ పాటలు చాలావరకు నాలుగు మాత్రల లెక్కలో నడుస్తాయి. కీరవాణి ఆరు మాత్రల నడక పట్టుకున్నారు. నోటితో ‘తకిట తకిట’ అనుకుంటే చాలు, అదే తిశ్రగతి. మన జాతరల్లో, పెళ్లి ఊరేగింపుల్లో డప్పు దగ్గరికి వచ్చేసరికి ముసలీ ముతకా కూడా భుజం ఎగరేసేది ఈ నడకకే. తెల్లదొరల విందులో తెలుగువాడి ఆట నెగ్గాలంటే ఇంతకంటే సరైన తాళం లేదు.

సన్నివేశం కూడా దాన్నే కోరింది. కథాకాలం 1920. నీకు నాట్యం ఏం తెలుసంటూ ఒక దొర భీమ్‌ను (ఎన్టీఆర్) నలుగురిలో కించపరుస్తాడు. రామ్ (రామ్‌చరణ్) డ్రమ్ముల దగ్గరికి వెళ్లి దరువు అందుకుంటాడు. భీమవరం దగ్గరి మోగల్లు అల్లూరి వారి ఊరు, సీతారామరాజు కొన్నాళ్లు నరసాపురంలో చదువుకున్నాడు. ఆ పేరున్న పాత్రే తెరమీద మొదటి దెబ్బ కొట్టడం గోదావరి జిల్లాల వాళ్లకు వేరే రకం ఆనందం.

పాట రాసింది ఓరుగల్లు వైపు చల్లగరిగె గ్రామంలో పుట్టిన చంద్రబోస్. తొంభై శాతం పాట సగం రోజులో వచ్చేసిందని, మిగిలిన పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందని ఆయనే చాలాసార్లు చెప్పారు. ఆ పంతొమ్మిది నెలల్లో దేనికోసం వెతికి ఉంటారో మాటలు దగ్గరపెట్టుకుని చూస్తే అర్థమవుతుంది. గట్టు, గిత్త, కిర్రు, మర్రి, రొట్టె, తొక్కు: ఎక్కడ చూసినా ద్విత్వాక్షరాలే. ప్రతి ఒత్తూ డప్పు మీద పడే పుల్లదెబ్బ. ఈ మాటలు పలికితే దరువు దానంతటదే పుడుతుంది. అర్థం తెలియని టోక్యో పిల్లలు కూడా పాట వెంట పడ్డారంటే సగం కారణం ఈ అక్షరాలే.

పాడింది హైదరాబాద్ పాతబస్తీ గొంతు రాహుల్ సిప్లిగంజ్, కీరవాణి కుమారుడు కాలభైరవ. అడుగులు కూర్చింది ప్రేమ్ రక్షిత్. చేతులు భుజాల మీద వేసుకుని ఇద్దరూ ఒక్కలాగే కాలు విసిరే ఆ ఒక్క స్టెప్పు కోసం ఆయన పదుల కొద్దీ రకాలు తయారు చేశారు. ఇద్దరిలో ఒకరి మోకాలు రవ్వంత ముందు లేచినా దర్శకుడు రాజమౌళి మళ్లీ తీయించారు.

చిత్రీకరణ 2021 ఆగస్టులో, కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్రాసాదం ముందు. అది ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారిక భవనం. నవంబర్ 10న పాట బయటికొచ్చింది. జనవరిలో రావాల్సిన సినిమా కరోనా వల్ల మార్చి 25కి జరిగింది. ఆ నాలుగు నెలలూ పాట సొంత కాళ్ల మీద నిలబడి పెళ్లిళ్లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఊరూరా తిరిగింది. సినిమా థియేటర్లలోకి వచ్చేనాటికి కీవ్ మీద రష్యా బాంబులు పడుతున్నాయి.

2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్. భారతీయ సినిమా పాటకు ఆస్కార్ రావడం అదే మొదలు. అంతకుముందు ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ పాటకు వచ్చింది గానీ అది బ్రిటిష్ చిత్రం. వేదిక మీద కీరవాణి, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల పాట బాణీలోనే తన మాటలు పాడారు. ఆ బృందంలో మిగిలిన రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి అదే పాట కీరవాణి కోసం పాడి పంపారు. అది చూసి తన కళ్లు ఆనందంతో చెమర్చాయని కీరవాణి స్పందించారు. ఏళ్ల తరబడి ఒక గొంతును దూరం నుంచి ప్రేమించిన మనిషికి అంతకు మించిన జవాబేముంది!

ఈ పాటకు ఢిల్లీలో దక్షిణ కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది ఆడారు, చాందినీ చౌక్‌లో జర్మన్ రాయబారి ఆడారు. వీటన్నిటి కంటే బరువైనది మాత్రం ఉక్రెయిన్ నుంచే వచ్చింది. 2023 వేసవిలో మైకొలాయివ్ సైనికులు యూనిఫారాల్లో ఈ పాటకు పేరడీ చేశారు. సినిమాలో బ్రిటిష్ వాడు నిలబడ్డ చోట రష్యా సైనికుణ్ని పెట్టి, మిగతా కథను, అడుగులను అలాగే ఉంచుకున్నారు.