గజం దూరం

రైల్లో, వెనాచీ దాటాక
3 అక్టోబరు 2019, గురువారం రాత్రి

చి. తమ్ముడికి,

ఫోన్ చేస్తే నువ్వు ‘ఆఁ, ఊఁ’ తప్ప మాట్లాడవు కనక ఉత్తరాలే రాస్తున్నాను. చదివి మరదలికీ వినిపించు.

బోస్టన్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి పెద్దాడు చివరిదాకా విమానమే ఎక్కమన్నాడు. అది దిగేటప్పుడు నా చెవులు పడే బాధ వాడికేం తెలుసు? రైల్లో పడుకునే గదికి చెప్పిన ధరని రూపాయల్లోకి మార్చి చూసుకుని, కూర్చునే సీటు చాలన్నాను. దానిమీద తల్లీకొడుకులం మొహాలు ముడుచుకుని తిరిగాం. కోడలు మాత్రం నోరెత్తకుండా పులిహోర కలిపి, చేగోడీల డబ్బా సర్ది, మెడకింద పెట్టుకునే దిండొకటి కొనిచ్చింది. ఇంట్లో తెలివైంది అదొక్కతే.

సియాటిల్ స్టేషన్ పక్కనే వాళ్ళ ఫుట్‌బాల్ స్టేడియం. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు, వీళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేది. ఇవాళ సాయంత్రం ఈ ఊరి సీహాక్స్‌కీ లాస్ ఏంజెలిస్ రామ్స్‌కీ మ్యాచ్. రోడ్లన్నీ నీలం, ఆకుపచ్చ చొక్కాలే. కారు కదల్లేదు. దిగి నడిచాం. మొహానికి రంగు పూసుకున్న కుర్రాడొకడు నా పెట్టె అందుకుని స్టేషన్ మెట్లదాకా మోశాడు. వాడికి నాలుగు చేగోడీలిచ్చాను. అనుమానంగా వాసన చూసి తిన్నాడు, మళ్ళీ చెయ్యి చాపాడు.

సముద్రం ఒడ్డునే రైలు కాసేపు నడిచింది, బాగుంది. నా ఎదురు వరసలో ఒక పెద్దాయన 12 నంబరు చొక్కా వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మ్యాచ్ వింటున్నాడు. ఆ నంబరు ఏ ఆటగాడికీ ఇవ్వరట. మైదానంలో పదకొండు మంది, పన్నెండోవాడు ప్రేక్షకుడే అని 1984లోనే దాన్ని జనానికి వదిలేశారు. ఇంతలో కొండలొచ్చాయి. దాదాపు ఎనిమిది మైళ్ళ సొరంగం, సిగ్నల్ లేదు. ఆయన పడ్డ యాతన చూడాలి! వెనాచీ చేరేసరికి ఫోన్ మోగింది. చివరి క్షణాల్లో రామ్స్ తన్నిన బంతి పక్కకు పోయిందట. 30–29, సీహాక్స్ గెలుపు. పెట్టెలో నలుగురు చప్పట్లు కొట్టారు.

ఇంకా ఐదు నిమిషాలు కాలేదురా, ఆయన మొహం మారిపోయింది. “ఇలాగే ఆ రోజు కూడా చివర్లో...” అని మొదలుపెట్టాడు. గెలిచిన పూటేనా ఓటమి గుర్తొచ్చేది అని అడిగాను. “గెలిచిన పూటే ఎక్కువ గుర్తొస్తుంది” అన్నాడు. కథ రేపు చెప్తానని నిద్రపోయాడు. ఆయన గురక సాక్షిగా ఇది రాస్తున్నాను.

అక్క

•

రైల్లో, మోంటానా
4 అక్టోబరు, శుక్రవారం

ఒరేయ్,

మెడ పట్టేసింది, జలుబు చేసింది. సీటు చాలన్న సంగతి పెద్దాడి దగ్గర ఎత్తకు. పొద్దున్న ప్లాట్‌ఫారం మీదకి దిగితే చలి చెవుల్లోకి దూరింది. గ్లేసియర్ కొండలు చూశాను, ఫోటోలు పంపుతాను. పోయిన వారం, ఇంకా సెప్టెంబరు ఉండగానే, ఇక్కడ మంచు తుఫాను వచ్చిందట. కంచెల పక్కన కుప్పలు ఇంకా కరగలేదు. శొంఠి కాఫీ కోసం ప్రాణం పీకుతోంది. ఇక్కడ కాఫీ అడిగితే చెంబుడు నీళ్ళు ఇస్తారు. మనింటి వసారాలో కూర్చుని మరదలు చేత్తో ఒక్క గ్లాసు తాగితే ఈ జలుబు ఒక పూటలో పోయేది. కాసేపు ఏడుపొచ్చిందిరా, నిజం.

అర్ధరాత్రి స్పోకేన్‌లో పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన పెట్టెల్ని మా రైలుకి తగిలించారు. వాటితో నిలువెత్తు అద్దాల పెట్టె ఒకటి వచ్చింది. అందులో బల్ల దగ్గర కూర్చోగానే పన్నెండో నంబరు పెద్దాయన వచ్చాడు. పక్కన హావర్‌లో దిగబోయే ఒకావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. నేను చేగోడీల డబ్బా తెరిచాను. ఆయన అందులోంచి నాలుగు తీసి బల్లమీద పెట్టి, “ఇదీ ఆ బంతి” అని వేలు చూపించాడు.

విను. 2015 ఫిబ్రవరి 1, అరిజోనాలో గ్లెండేల్. సూపర్ బౌల్ అని ఏడాదికొక ఫైనల్. అంతకు ముందు ఏడాది సియాటిల్ దాన్ని 43–8తో గెలిచింది. ఈసారి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద మూడు వంతుల ఆట అయ్యేసరికి 24–14తో ముందుంది. పేట్రియట్స్ ఆటగాడు టామ్ బ్రేడీ ఆటని లాగి 28–24 చేశాడు. సియాటిల్ ఆఖరి ప్రయత్నం. కియర్స్ అనేవాడు వెల్లకిలా పడి, ఒంటి మీద ఎక్కడెక్కడో తగిలి ఎగిరిన బంతిని పట్టేశాడు. తర్వాత మార్షాన్ లించ్ నాలుగు గజాలు మోసుకెళ్ళాడు. బంతి దాటితే గెలుపయ్యే గీతకి ఇక గజం దూరం. మూడు అవకాశాలు, ఇరవై ఆరు సెకన్లు.

లించ్ మామూలువాడు కాదట. 2011 జనవరిలో వాడు 67 గజాలు తోసుకుంటూ పోతే స్టేడియంలో జనం ఎగిరిన ఎగురుడు భూకంపాలు కొలిచే యంత్రంలో నమోదయింది. అలాంటివాడు పక్కనుండగా, క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ బంతి విసిరాడు. ముందొక చేగోడీ కియర్స్, వెనకొక చేగోడీ లాకెట్. లాకెట్ లోపలికి దూకాలి, బంతి వాడి చేతుల్లో పడాలి. పడలేదు. అవతలివాడు మధ్యలో దూరి పట్టేశాడు. ఇంకా ఇరవై సెకన్లు మిగిలుండగానే ఆట అయిపోయింది. ఇది చెప్పి పెద్దాయన కోపంగా లాకెట్‌ని నోట్లో వేసుకుని కరకర నమిలేశాడు.

“లించ్‌కి ఇవ్వాల్సింది! కోచ్ క్యారల్ బుర్ర ఎక్కడ పెట్టుకున్నాడు?” అని బల్ల గుద్దాడు. అల్లుకునే ఆవిడ తలెత్తకుండానే లెక్క చెప్పింది. సియాటిల్ దగ్గర గడియారం ఆపించే టైమౌట్ ఒక్కటే ఉంది, మూడుసార్లూ పరిగెత్తితే గడియారం చాలదు, పాసు కింద పడితే గడియారం ఆగుతుంది. పైగా ఆ ఏడాది లీగంతటిలో గజం దూరం నుంచి విసిరిన పాసుల్లో అవతలివాడి చేతికి చిక్కింది ఇదొక్కటేనట. ఆయన వినిపించుకోలేదు.

నాకు తట్టిందేమిటంటే, ఇంత కథలోనూ పట్టుకున్నవాడి పేరు రాలేదు. అడిగితే “ఎవడో కొత్త కుర్రాడు” అన్నాడు. మాల్కమ్ బట్లర్ అని ఆవిడే చెప్పింది. వెంటనే పెద్దాయన మాట మార్చి, 2014 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద తమ రిచర్డ్ షెర్మన్ వేలికొసతో బంతిని ఎలా తట్టాడో, దాన్ని మాల్కమ్ స్మిత్ ఎలా అందుకున్నాడో నిలబడి మరీ ఆడి చూపించాడు. ఆ మాల్కమ్ పేరు మాత్రం నోరారా పలికాడు. తమవాడు ఆపితే అది షెర్మన్ గొప్ప. అవతలివాడు ఆపితే అది తమ కోచ్ తప్పు. ఓడినవాడికి కూడా ఆట తన చేతిలోనే ఉండిందనుకోవడంలో ఏదో ఊరట ఉన్నట్టుంది.

నాకు సంక్రాంతి చెడుగుడు గుర్తొచ్చిందిరా. చివరి కూతలో అవతలి ఊరి వస్తాదు మూలకి రాగానే నువ్వు చీలమండ పట్టేశావే, అది. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ “మావాడికి కాలు జారింది” అనే అంటారు. వాళ్ళ కథలో బురద ఉంటుంది, నువ్వుండవు.

అక్క

•

షికాగో స్టేషన్
5 అక్టోబరు, శనివారం

తమ్ముడూ,

బోస్టన్ రైలు రాత్రికి. జలుబు తగ్గింది, కోపం పెరిగింది. ముందు కోపం సంగతి.

రెండు పూటలు రొట్టె తిన్న నోటికి అన్నం కావాలనిపించి డెవాన్ వీధికి బయల్దేరాను. మనవాళ్ళ కొట్లన్నీ అక్కడే. టాక్సీ అబ్బాయి మీటరు వెయ్యకుండా ఒక మొత్తం చెప్పాడు. నేను ఇంగ్లీషులో బేరమాడి, ఆడలేక, “వీడి దుంపతెగ” అని గొణుక్కున్నాను. వాడు అద్దంలో చూసి, “అమ్మా, తిట్టుడెందుకు, ట్రాఫిక్ జూడుండ్రి” అన్నాడు. హైదరాబాద్ మలక్‌పేట! ఇంక చూసుకో, తగాదా తెలుగులో మొదలైంది. తెలుగులో అయితే నన్ను గెలిచేవాడెవడు? మీటరు వేయించాను. వేశాక చూస్తే వాడు మొదట అడిగినదానికి రెండు డాలర్లే తక్కువ. ఆ రెండు డాలర్ల కోసం దారంతా కాట్లాడాం. దిగేటప్పుడు వాటిని వాడికే ఇచ్చేశాను. “గిదేంది మల్ల” అని నవ్వాడు.

వాడూ ఫుట్‌బాల్ పిచ్చివాడే. “ఇక్కడ డిఫెన్సంటే 1985 బేర్స్ అమ్మా” అన్నాడు. వాడు పుట్టక ముందు సంగతి! ఆ షికాగో జట్టు 1986 జనవరిలో సూపర్ బౌల్‌లో ఇదే పేట్రియట్స్‌ని 46–10తో ఓడించింది. షికాగోలో దిగగానే ఆ కథ నేర్చుకోవాలట, లేకపోతే ఎక్కినవాళ్ళు మాట్లాడరట.

భోజనం: వేడి అన్నం, ముద్దపప్పు, గోంగూర, గడ్డ పెరుగు. నవరాత్రులని ఉల్లిపాయ వద్దన్నాను. వడ్డించేవాడు గోంగూర మీద వేసిన ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి తీసి పెట్టాడు. పప్పులో నెయ్యి కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఊరు, రైలు, మెడనొప్పి ఏవీ గుర్తు లేవు. మూడోసారి పెరుగు అడిగితే వాడే గిన్నె తెచ్చి పెట్టేశాడు. షికాగోలో ఆకాశాన్నంటే మేడలు కూడా ఉన్నాయి.

ఇక పొద్దున్న సెయింట్ పాల్‌లో ఎక్కిన కాలేజీ కుర్రాడి మాట. మిసిసిపీ నది పక్కన రైలు పోతుంటే నా చేతిలో ఈ కాగితాలు చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. “బట్లర్ మిగతా కథ మా ఊళ్ళోనే జరిగింది” అన్నాడు. 2018 ఫిబ్రవరి 4, మినియాపోలిస్‌లో పేట్రియట్స్‌కి మళ్ళీ సూపర్ బౌల్. ఆ ఏడాది పొడుగునా ఆడిన బట్లర్‌ని ఆ రోజు డిఫెన్స్‌లో ఒక్క బంతికీ దింపలేదు. జాతీయగీతం అప్పుడు వాడి కళ్ళంట నీళ్ళు కారుతుంటే దేశమంతా టీవీలో చూసింది. పేట్రియట్స్ 41–33తో ఓడిపోయారు. ఆట కోసం తీసుకున్న నిర్ణయమని కోచ్ బెలిచిక్ అన్నాడు, అంతకు మించి విప్పలేదు. ఆ తర్వాత వాడు టెనెసీ వెళ్ళిపోయాడు.

మనిషిని అంత ఎత్తున కూర్చోబెట్టిన ఆటే పక్కన కూర్చోబెట్టింది. ఆ కుర్రాడు దిగిపోయాక చాలాసేపు దిగులుగా ఉండింది. నాకెందుకురా ఎవరో పిల్లాడి మీద ఇంత బాధ?

అక్క

•

బోస్టన్ పక్క ఊరు
9 అక్టోబరు, బుధవారం

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. నిన్న దసరా. అమ్మాయి పెట్టిన బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మల మధ్య మనవడు ఫుట్‌బాల్ హెల్మెట్ పెట్టాడు. తియ్యమంటే ఊరెత్తాడు. అమ్మవారు చూసీచూడనట్టు ఊరుకుంది. మరదలు పంపిన పట్టుచీర అమ్మాయికి బ్రహ్మాండంగా ఉంది. జాకెట్టు మాత్రం బిగుతు, సన్నబడ్డానన్నది ఫోన్లోనే.

అల్లుడుగారు ఇవాళ సెలవు పెట్టి పేట్రియట్స్ ఆడే ఫాక్స్‌బరో తీసుకెళ్ళారు. పెద్ద స్టేడియం, చుట్టూ కొట్లు, ఆరు కప్పులున్న మ్యూజియం. రేపు అక్కడ మ్యాచ్. టికెట్టు ధర అడిగి, వింటూనే కారెక్కాను.

దారిలో బట్లర్ పేరెత్తానో లేదో, స్టీరింగు పట్టుకునే చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఈ ఊరు వచ్చింది 2015 చలికాలంలో. ఆ సీజనులో బోస్టన్‌లో 110 అంగుళాలకు పైగా మంచు పడింది. తలుపు తియ్యలేని రోజుల్లో, ఆట తెలియకపోయినా, ఆఫీసువాళ్ళ ఇంట్లో ఆ ఫైనల్ చూశారట. గెలిచాక ఊరేగింపు కూడా మంచు వల్ల ఒక రోజు వాయిదా పడి ఫిబ్రవరి 4న జరిగింది. “ఆ రోజు ముక్కూమొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారండీ. అప్పటికి నాకు ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు” అన్నారు. ఈ సంగతి అమ్మాయి కూడా వినలేదు. వెనక సీట్లోంచి ఏమీ అనకుండా ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన కథ గజం దూరంలో మొదలవదు. ముందు మిసిసిపీ రాష్ట్రంలో మొదలవుతుంది. బట్లర్‌ని కాలేజీ జట్టులోంచి పంపేశారు, చికెన్ కొట్లో పనిచేశాడు, చిన్న కాలేజీలో మళ్ళీ ఆడాడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. ఆ ఫైనల్ ముందు పేట్రియట్స్ ప్రాక్టీసులో సరిగ్గా ఇదే ఎత్తు వేస్తే ఒక అడుగు ఆలస్యంగా వచ్చి దెబ్బతిన్నాడు, కోచ్ మందలించాడు. అసలు రోజున కియర్స్, లాకెట్ ఒకడి వెనక ఒకడు నిలబడటం చూడగానే పోల్చుకున్నాడు. ముందున్న తన జట్టువాడు బ్రాండన్ బ్రౌనర్ కియర్స్‌ని కదలనివ్వలేదు. ఆ బ్రౌనర్ అంతకు ముందు సియాటిల్ ఆటగాడే! దారి దొరికింది, బట్లర్ దూకాడు. కియర్స్ వెల్లకిలా పట్టిన ఆ బంతికి కాపలా ఉన్నది కూడా బట్లరే. ఆ తర్వాత లించ్‌ని గీత దాటకుండా పడేసింది హైటవర్. అతను లేకపోతే ఈ కథే లేదని ఆయన కారు పక్కన ఆపి మరీ చెప్పారు. ఉత్తమ ఆటగాడిగా వచ్చిన ట్రక్కుని బ్రేడీ బట్లర్‌కే ఇచ్చేశాడట.

“మరి మినియాపోలిస్?” అన్నాను. ఆయన వైపరు వేశారు. వాన లేదు.

చూశావా, సియాటిల్ పెద్దాయన పట్టుకున్నవాణ్ణి మింగేశాడు, ఈయన పక్కన కూర్చోబెట్టబడ్డవాణ్ణి మింగేశారు. ఎవరి కథలోనూ ఆ కుర్రాడు పూర్తిగా లేడు. ఒకరికి తప్పు కావాలి, ఒకరికి రాత కావాలి. మధ్యలో వాడు చేసిన పని ఒక్కటే: చూశాడు, గుర్తుపట్టాడు, ఒక అడుగు ముందు వేశాడు. అది వాడు తప్ప ఎవరూ చెప్పలేరు.

అందుకని నీకో పని. ఆ సంక్రాంతి పట్టు గురించి అవతలి ఊరు చెప్పగా విన్నాను, నాన్నగారు చెప్పగా విన్నాను, రచ్చబండ దగ్గర నువ్వు ముందే కలగన్నావని కూడా విన్నాను. నువ్వు చెప్పగా మాత్రం ఎన్నడూ వినలేదు. వాడు నీ మూలకి వస్తాడని నీకెలా తెలిసింది? కాలు చూశావా, కళ్ళు చూశావా? రాసి పంపు. గొప్పలు చెప్పుకున్నా ఏమనుకోను. మరదలి మోకాలికి డాక్టరు ఏమన్నాడో కూడా అదే కాగితంలో రాయి, అక్కడ మాత్రం గొప్పలొద్దు.

ఇట్లు
అక్క